యవన దేశపు ద్రాక్షాదేవుని వేష వ్రత కథ

పూర్వము దీర్ఘతపుడను ముని సుమేధ మహాముని ఆశ్రమమునకు వచ్చి, "స్వామీ, ఒకరి కథను మరియొకరు వేషము కట్టి ఆడుట యవనులలో ఏ వ్రతమువలన కలిగెను? వినగోరుచున్నాను" అని అడిగెను. సుమేధుడు ఇట్లు చెప్పసాగెను.

యవన దేశమున ఒక కొండవాలు పల్లెలో క్లీతుడను ద్రాక్షతోటల రైతు ఉండెను. అతని తమ్ముడు లాంపుడు. అన్నదమ్ములిద్దరు ఒకే తోటను సాగుచేయుచు, ఒకే పంక్తిని భుజించుచు సుఖముగా ఉండిరి. ఒకనాడు ఒక పరదేశి, ద్రాక్షలకు అధిదేవతయైన దియోనిసుని కొయ్యబొమ్మను మోసికొని వారి వాకిట నిలిచెను. కోతల పండుగనాడు ఈ దేవుని నడుమ నిలిపి, చుట్టును చేరి కథలు పాడుకొనుడని చెప్పెను. లాంపుడు పీట వేయబోయెను. క్లీతుడు, తమ తోట తమ చెమటతోనే పండుచున్నదని గర్వించి పరదేశిని వెళ్ళగొట్టెను. అన్నదమ్ములకు మాటకు మాట పెరిగెను. లాంపుడు ఇల్లు విడిచి పోయెను.

ఆ ఏట తీగెలు ఎండెను. రసపు బానలు వట్టివై మూలబడెను. భార్య ఫిలిన్న బ్రతిమాలగా క్లీతుడు బొమ్మను చేయించి, పాడువారిని పిలిపించి, తాను మాత్రము ఇంటిలోనే కూర్చుండెను. తీగెలు చిగిర్చెను గాని కాయలు పిందెలోనే రాలెను. "మన మొరను పరుల గొంతుకతో వినిపించిన దేవుడు వినునా?" అని ఫిలిన్న మెల్లగా అనెను.

మరుసటి పండుగకు క్లీతుడు ఉపవసించి, నారబట్ట ముసుగు కట్టుకొని పాడువారితో కలిసెను. జనులు గట్టుమీద కూర్చుండిరి. ఆనాటి పాట అతిథిని తరిమిన ఒక రాజు కథ. "రాజు ఏమనెను, రాజు ఏమనెను" అని అందరు పాడుచుండగా, క్లీతుడు పాడుట మానెను. అతడు వరుస విడిచి ముందుకు వచ్చి, "ఆ రాజును నేనే. వచ్చినది దేవుడని ఎరుగనైతిని. నావాడు వెళ్ళిపోవుచుండగా పిలువనైతిని" అని పలికెను. పాట ఆగెను. అంతకుముందు ఆ పల్లెలో ఎవరును కథలోనివాడు తానై అట్లు పలికి యుండలేదు. విన్నవారు తమ తమ వారిని తలచుకొని కన్నీరు విడిచిరి.

అప్పుడు జనులలోనుండి ఒకడు లేచి దిగివచ్చెను. అతడు పండుగ చూడవచ్చిన లాంపుడే. "అన్నా, రాజు మాట వింటిని. నీ మాట ఏమి?" అనెను. క్లీతుడు ముసుగు తీసి, "నా మాటయు అదే. ఇంటికి పోదము రా" అనెను. అటుపిమ్మట తోట విరగకాసెను; ఏటేటా ఆ పల్లెవారు పాడువారిలోనుండి ఒకరిని వేషము కట్టి ముందుకు పంపి పలికించిరి.

కావున తోటలు వేయువారును, అయినవారితో మాట లేనివారును, దుఃఖమును పైకి చెప్పలేనివారును ఈ వ్రతము చేయవలెను. ఒంటరిగా చేయరాదు, వినువారు ఉండవలెను. పంట లేనివారికి పంటయు, పలుకు లేనివారికి పలుకును కలుగును. వేషము కట్టలేనివారు మనసుపెట్టి కూర్చుండి విన్నను అంతే ఫలము. కథ ముగిసినది, అక్షతలు దేవునిపై కొన్ని, పక్కనున్నవారిపై కొన్ని వేసి లేవుడు.