వరికి కనపడని కత్తి

తుకినా అవ్వకి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెడుతుంది. చావంటే ఏమిటని అడిగిన మనిషికి చేట అందించి తాలు చెరగమంది. దేవుడున్నాడా అని అడిగిన కొత్త కోడలిని కుండ ఇచ్చి ఊటకి పంపింది. వాళ్లకి జవాబు దొరికిందో లేదో ఎవరూ చెప్పరు గానీ, తాలు పోయింది, కుండ నిండింది. అందుకే ఆ సాయంత్రం శిష్యురాలు లస్మి పరుగున వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగినప్పుడు కూడా అవ్వ తలెత్తలేదు.

"అవ్వా, మీకు కోపం రాదా?"

అడిగిన తీరు బాగాలేదని లస్మికి తెలుసు. కాలిపెలెంలో పెద్దవాళ్లని ఎవరూ అలా నిలదీయరు. అసలు ఎవరూ ఎవరినీ నిలదీయరు. జావా ద్వీపంలో ఒక నిప్పుకొండ వీపు మీద, మెట్లుమెట్లుగా చెక్కిన వరిమళ్ల మధ్య ఇరుక్కున్న ఊరది. పటంలో ఉండదు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది, అక్కడినుంచి పైకి మోటారు సైకిలు వస్తుంది, గట్టి వాన పడితే అదీ రాదు. ఆ ఊళ్లో గొంతు పెంచడం తప్పు. మొహం మీద కాదనడం మొరటుతనం. పొలంలో అయితే మరీ. వరి వాళ్లకి పంట కాదు, ఆడపిల్ల. బెదిరితే గింజ పాలుపోసుకోదు, అలిగితే మడి వదిలి వెళ్లిపోతుంది. అందుకే అక్కడ కోతకి కొడవలి తీయరు. అగ్గిపెట్టంత చెక్క, దాని అంచుకి బిగించిన సన్నటి ఇనుప రేకు, పట్టుకోవడానికి అడ్డంగా ఓ వెదురుపుల్ల. దాన్ని గుప్పిట్లో దాచుకుని, వేళ్ల సందునుంచి ఒక్కొక్క వెన్నే కోస్తారు. కత్తి వరికి కనపడకూడదు.

ఆ గుప్పిట కత్తితో మడి కోయాలంటే చాలామంది ఆడవాళ్లు కావాలి. ఎందరు కోస్తే అందరికీ వంతు. నాట్లకి అక్కడ కూలి ఇవ్వరు. వానలో నడుం విరిగేలా నాటిన ఆడవాళ్లే కోతకొస్తారు, కోసినదాంట్లో తమ వంతు ఇంటికి మోసుకెళ్తారు. ఇది ఎక్కడా రాసి ఉండదు. మొదటి నారుమొక్క బురదలో గుచ్చినప్పుడే మాట అయిపోయినట్టు.

ఆ మాట సుమర్తో తప్పాడు. ఊళ్లో పెద్ద రైతు, మర్యాదస్తుడు, ఎదురొచ్చిన పిల్లవాడికి కూడా దారి ఇచ్చే మనిషి. ఊట పక్కన ఉన్న తన పొలంలోని పంట మొత్తాన్ని, ఇంకా నిలబడి ఉండగానే, పల్లపు ఊరినుంచి వచ్చిన దర్మిన్ అనే బేరగాడికి అమ్మేశాడు. దర్మిన్ తన కోత మనుషుల్ని తనే తెచ్చుకుంటాడు. నలుగురు మగాళ్లు, నాలుగు కొడవళ్లు, ఒక్క రోజులో ఊడ్చేస్తారు. నాటిన ఆడవాళ్లకి అక్కడ పనేమీ లేదు. ఈ సంగతి సుమర్తో స్వయంగా వచ్చి చెప్పాడు, ప్రతి గుమ్మంలో చెప్పులు విడిచి, తల వంచి, ఎంతో మృదువుగా. విన్న ప్రతి ఆడమనిషీ కూడా తల వంచి సరేనంది. లస్మి తల్లి సర్మీ అయితే ఆయనకి వేడి టీ కూడా ఇచ్చింది. ఇంట్లో బియ్యం బుట్ట ఖాళీ అయి చాన్నాళ్లయింది. ఎండబెట్టిన కర్రపెండలం దంచి వండితే చిన్నతమ్ముళ్లు మూతి తిప్పుకుంటున్నారు. ఈ కోత కోసమే రోజులు నెట్టుకొస్తున్నారు. ఆ టీ గ్లాసు చూసినప్పుడే లస్మికి ఒళ్లు మండిపోయింది.

"మా అమ్మ టీ ఇచ్చింది అవ్వా. పొట్ట కొట్టినవాడికి టీ. చక్కెర లేదని పక్కింట్లో అడిగి మరీ తెచ్చింది. ఆయన తాగి, బాగుందమ్మా అన్నాడు. మీ దగ్గరికీ వచ్చాడటగా, రేపు పెళ్లికూతుర్ని తియ్యడానికి రమ్మని?"

"వచ్చాడు."

"మీరేమన్నారు?"

"వస్తానన్నాను."

పెళ్లికూతుర్ని తియ్యడమంటే మొదటి కోత. తుకినా అవ్వ పొలంలోకి దిగి, ఒకదాని మీదికి ఒకటి వాలి ఉన్న రెండు వెన్నుల్ని వెతికి, కోసి, పసుపు గుడ్డలో కట్టి, గాదెకి చేరుస్తుంది. ఒక్కో తూము నీళ్లు పారే పొలానికి ఒక్కో పెళ్లికూతురు; సుమర్తో పొలానికి పై తూము, కింది తూము అని రెండున్నాయి. ఆ పెళ్లికూతురు మడి దాటేదాకా ఇంకో కత్తి ఆ పొలంలో పడకూడదు. ఆ పని నేర్చుకోవడానికే లస్మి చిన్నప్పట్నుంచీ అవ్వ వెనక తిరుగుతోంది. సుమర్తో పంటనైతే అమ్మేశాడు గానీ, భయాన్ని అమ్ముకోలేకపోయాడు. పెళ్లికూతుర్ని తియ్యకుండా కొడవలి పెడితే తన ఇంటికేమవుతుందో అని వణుకు. అందుకని అవ్వ కావాలి. ఆడవాళ్లు అక్కర్లేదు గానీ, అవ్వ కావాలి.

"అయితే నేనొక పని చేస్తాను," అంది లస్మి. "పై మడి గట్టు తెంపేస్తాను. తెల్లారేసరికి పంటంతా బురదలో పడుకుంటుంది. మాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు."

అవ్వ లేచి చూరులోంచి తన గుప్పిట కత్తి తీసింది. మూలనున్న సానరాయి తెచ్చి రెండూ లస్మి ఒళ్లో పెట్టింది.

"నూరు. గట్టు రేపటికి ఎక్కడికీ పోదు."

లస్మి నూరింది. ఏడుస్తూ నూరింది, తిడుతూ నూరింది. అవ్వ వేలితో అంచు తడిమి చూసి, ఇంకా నూరమంది.

పొద్దున్నే గట్టు మీద అందరూ ఉన్నారు. సుమర్తో ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు. దర్మిన్ చేతిలో కారు తాళాలు తిప్పుతున్నాడు, ఆ కారు కొండ కిందే ఆగిపోయిందన్న చిరాకు మొహంలో ఉంది. కొడవళ్ల వాళ్లు నలుగురూ చుట్టలు కాలుస్తూ గొంతుక్కూర్చున్నారు. ఇంకాస్త దూరంలో, నాటిన ఆడవాళ్లు. వాళ్లనెవరూ పిలవలేదు. వచ్చి నిలబడ్డారు, అంతే. ఒక్కొక్కరి గుప్పిటా మూసి ఉంది.

అవ్వ కింది తూము పొలంలోకి దిగింది. వెనకాల కొబ్బరిపీచు ధూపం పట్టుకుని లస్మి. దిగిన చోటే, రెండడుగుల్లోనే, లస్మికి ఆ జంట కనపడింది. బరువుగా, నిండుగా, బుగ్గకి బుగ్గ ఆనించుకున్నట్టున్న రెండు వెన్నులు. అవ్వ కళ్లు కూడా వాటి మీద ఆగడం లస్మి చూసింది. ఆగాయి. తర్వాత ముందుకి వెళ్లిపోయాయి.

అవ్వ నడుస్తూనే ఉంది. ఒక దుబ్బు దగ్గర వంగుతుంది, వెన్ను కింద చెయ్యి పెట్టి పసిపిల్ల గడ్డం ఎత్తినట్టు ఎత్తి చూస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది, పక్క దుబ్బుకి వెళ్తుంది. మడి అయిపోతే కింది మడిలోకి దిగుతుంది. మళ్లీ పైకొస్తుంది. ఎండ ఎక్కింది. ధూపం ఆరిపోతే లస్మి మళ్లీ వెలిగించింది. గట్టు మీద దర్మిన్ గొణుక్కోవడం మొదలెట్టాడు.

"చిటికెలో అయిపోతుందన్నారు కదండీ సుమర్తోగారూ."

"పెద్దావిడ కదండీ. చూపు కాస్త..."

"చూపు ఆనకపోతే ఆ పిల్లని వెతకమనండి."

"చూపు బాగానే ఉంది నాయనా," అంది అవ్వ పొలంలోంచి. గొంతు ఎంత మెత్తగా ఉందంటే కొడవళ్ల వాళ్లు వినడానికి ముందుకి వంగారు. "పెళ్లికూతురు ఇంకా తలొంచలేదు."

దర్మిన్ నవ్వాడు. "పొలమంతా తలొంచే ఉంది కదా పెద్దమ్మా."

"తలొంచడం వేరు, ఒప్పుకోవడం వేరు."

గట్టు మీద చుట్ట పొగ తప్ప ఏదీ కదల్లేదు. సుమర్తో మొహంలో రంగు మారడం లస్మి చూసింది. నిన్న ఎన్ని గుమ్మాల ముందు ఎన్ని తలలు వంగాయో ఆయన లెక్క ఆయనకి తెలుసు. కానీ మర్యాదస్తుడు కదా, ఏమీ విననట్టు కొండ వైపు చూశాడు. అది చూసి లస్మికి అక్కడే గట్టిగా అరవాలనిపించింది. ధూపం కుండ ఆయన ఉతికిన చొక్కా మీద బోర్లించాలనిపించింది. పొలంలో ఉండి అరవకూడదు. పళ్లు బిగించింది. దవడ నొప్పి పుట్టింది.

మధ్యాహ్నం దాటింది. కొండ నెత్తిన మబ్బు కూడింది. పండిన వరి మీద వాన పడితే ఏమవుతుందో దర్మిన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. తాళాలు జేబులో వేసుకుని కొడవళ్ల వాళ్ల వైపు తిరిగాడు.

"ఇంక చాల్లే. దిగండి."

వాళ్లలో పెద్దవాడు చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. కొడవలి తీసి గట్టు మీద పడుకోబెట్టాడు. "పెళ్లికూతురు లేవకుండా నేను దిగను దొరా. మా అమ్మదీ ఈ పనే. గుప్పిట కత్తి కొప్పులో పెట్టుకుని ఊరూరూ కోతలకి తిరిగేది." మిగతా ముగ్గురూ అతని కొడవలి పక్కనే తమవీ పెట్టారు.

"సుమర్తోగారూ, మాటంటే మాట కదండీ," అన్నాడు దర్మిన్.

"మాకిచ్చిందీ మాటే కదా బాబూ."

అన్నది సర్మీ. లస్మి తల్లి. టీ ఇచ్చిన సర్మీ. ఆమె గొంతు పెరగలేదు, తల ఎత్తలేదు, చూపు కూడా తన కాళ్ల మీదే ఉంది. అయినా ఆ మాట కింది మళ్లదాకా వెళ్లింది. తల్లి నోట అలాంటి మాట లస్మి పుట్టి బుద్ధెరిగి వినలేదు.

సుమర్తో గట్టు దిగి బురదలోకి ఒకడుగు వేశాడు. "అవ్వా, పెళ్లికూతురికి ఏం లోటు జరిగిందో చెప్పండి. దిద్దుకుంటాను."

"పెంచిన చేతులు పక్కన లేకుండా ఏ పిల్ల అత్తారింటికి కదులుతుంది నాయనా? నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే. అప్పుడు మీ అమ్మ చుట్టూ ఎంతమంది ఆడవాళ్లున్నారో నీకు తెలీదు, నాకు తెలుసు."

ఆయన మబ్బుని చూశాడు, దర్మిన్‌ని చూశాడు, చివరికి ఆడవాళ్ల వైపు తిరిగి, పేరుపేరునా పిలిచాడు. కింది తూము మళ్లలో కోతంతా మీదే, రేపు వచ్చి కోసి మీ వంతు తీసుకోండమ్మా అన్నాడు. పై తూము మళ్లు మాత్రం బేరం ప్రకారం ఎల్లుండి దర్మిన్ గారివి. దర్మిన్ సగం డబ్బు వెనక్కి ఇమ్మని కాసేపు కోప్పడి, సుమర్తో ఇస్తాననగానే చల్లబడ్డాడు.

అప్పుడు అవ్వ తిన్నగా నడిచి, పొద్దున దిగిన చోటికి వెళ్లి, ఆ రెండు వెన్నుల్నీ కోసింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి సుమర్తోకి వంగి దండం పెట్టారు. ఆయన వద్దువద్దంటూనే అందరి దండాలూ అందుకున్నాడు. లస్మి అది చూడలేక మొహం తిప్పుకుంది. ఎవరి వంతు వాళ్లకి, అదీ సగం ఇచ్చి, దాత అయిపోయాడు. పసుపు గుడ్డలో పెళ్లికూతుర్ని ఎడమచేత్తో ఎత్తుకుని అవ్వ గాదె వైపు నడుస్తుంటే, వెనకే లస్మి. మడి దాటి, చివరి గట్టు ఎక్కి, ఇంక వరికి వినపడదు అనుకున్న చోట ఆపుకోలేకపోయింది.

"సగమే అవ్వా. అదీ దండాలు పెట్టించుకుని. మీరు పొద్దుటే చూశారు ఆ జంటని, నేనూ చూశాను. రోజంతా అంత నెమ్మదిగా, అంత మెత్తగా ఎలా తిరిగారు? నా వల్ల కాదు. మీకు నిజంగానే కోపం రాదు."

అవ్వ ఆగింది. "కత్తి కడిగి పెట్టు," అని కుడిచెయ్యి చాచింది.

గుప్పిట తెరుచుకోలేదు. వేళ్లు కొయ్యబారిపోయాయి. లస్మి ఒక్కొక్క వేలే పట్టుకుని విప్పింది. కత్తి అరచేతిలో దిగి ఉంది. దాని చుట్టూ పొద్దుటి నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది, దాని మీద మధ్యాహ్నపు నెత్తురు, దాని మీద ఇప్పటిది, ఇంకా ఎర్రగా. నిన్న తనే నూరిన అంచు. లస్మి తన తలగుడ్డ చింపి ఆ చేతికి కట్టింది.

"వరికి కనపడకూడదు పిల్లా, అంతే," అంది అవ్వ. తర్వాత ఎల్లుండి కోత జరగాల్సిన పై తూము మళ్ల వైపు తలెత్తి చూసింది. అక్కడ ఇంకా ఎవరూ పెళ్లికూతుర్ని వెతకలేదు.

"ఆ సానరాయి ఎక్కడ పెట్టావు?"