తొమ్మిది వేర్ల మాత్ర

ఓబులేసుకు మోకాళ్లు పట్టేశాయి. యాభై రెండేళ్ల మనిషి, గట్టిగా పది మెట్లు ఎక్కలేకపోతున్నాడు. నొప్పిని ఎలాగో ఓర్చుకునేవాడే. అతని దిగులు వేరే.

ఆదోని దగ్గర ఒక గుట్ట మీద చిన్న దర్గా ఉంది. ప్రతి గురువారం అక్కడికి వచ్చినవాళ్లందరికీ, ఏ మతం వాళ్లయినా సరే, అన్నం పెడతారు. ఆ వంట ఓబులేసుది. పద్దెనిమిదేళ్లలో ఒక్క వారం తప్పలేదు. పెద్ద వంట డేగిశా ముందు గంటల తరబడి నిలబడి తెడ్డు తిప్పాలి. కాళ్లు పోతే ఆ పని పోతుంది. ఆ పని పోతే హుసేన్ పీరా తాత దగ్గర తనకేం పని అని అతని భయం.

తాతకు ఎనభై దగ్గర పడ్డాయి. దర్గాను చూసుకునేది ఆయనే. తను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లు మూతపడి, ఏం చెయ్యాలో తోచక ఓబులేసు గుట్టెక్కి కూర్చున్న రోజున ఆయన ఏమీ అడగలేదు. చేతికి కత్తి ఇచ్చి ఉల్లిగడ్డలు కొయ్యమన్నాడు. అప్పటినుంచి ఓబులేసు తాత మనిషి.

ఆ సోమవారం సంతలో ఒక వ్యాను ఆగి ఉంది. మైకులో ఒకాయన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతున్నాడు. ఓబులేసు పడే బాధంతా దగ్గరుండి చూసినట్టే చెప్పాడు. తొమ్మిది వేర్లతో చేసిన మాత్రలట, రోజుకు రెండు వేసుకుంటే చాలట. ఓబులేసు ఒక డబ్బా కొన్నాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మీద పేరు లేదు, తేదీ లేదు, చీటీ ముక్క కూడా అంటించలేదు.

రెండోనాటికి నొప్పి మాయమైంది. గుట్ట కిందినుంచి నీళ్ల బిందె తనే భుజాన పెట్టుకుని ఎక్కాడు. చూసినవాళ్లు తాత దయ అన్నారు. ఓబులేసు కూడా అదే అనుకున్నాడు. తరువాతి సంతల్లో ఇంకో మూడు డబ్బాలు కొన్నాడు. కింది వీధిలో నడుం నొప్పితో మూలుగుతున్న తిప్పన్నకు అందులో ఒకటి ఇచ్చాడు.

రెండు నెలలు గడిచేసరికి ఓబులేసు మొహం గుండ్రంగా ఉబ్బింది. ఒళ్లు చేశావని అందరూ మెచ్చుకున్నారు. ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరేది కాదు. చెయ్యి దేనికైనా తగిలితే నల్లగా కమిలేది. ఉల్లిగడ్డలు కోస్తుంటే వేలికి తెగిన చిన్న గాయం మూడు వారాలైనా మానలేదు. కాళ్లు బాగున్నాయి కదా అని ఇవేవీ అతను పట్టించుకోలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం తాత అతన్ని పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. వేలి కట్టు విప్పి చూశాడు. మొహం ఎత్తి చూశాడు. ఏం మందు వాడుతున్నావని అడిగాడు. ఓబులేసు సంబరంగా వ్యాను సంగతి, తొమ్మిది వేర్ల సంగతి, నీళ్ల బిందె సంగతి అన్నీ చెప్పాడు.

“ఏ వేర్లో అడిగినావా?” అన్నాడు తాత.

“అడిగితే నమ్మకం లేనట్టు గదా తాతా.”

“నూనె టిన్ను రాగానే మూత తీసి వాసన చూస్తావే. షావుకారి మీద నమ్మకం లేకనా?”

“అది పదిమంది తినేది.”

తాత కాసేపు తన మోకాలు తనే నొక్కుకున్నాడు. తరువాత, నాకూ నొప్పులు ఈ నడుమ ఎక్కువైనాయి, ఆ డబ్బా తెచ్చి నాకూ రెండు ఇయ్యి అన్నాడు.

ఓబులేసు పొంగిపోయాడు. తాతకు తన చేత్తో మందు ఇవ్వడం కంటే ఇంకేం కావాలి? గదిలోకి వెళ్లి డబ్బా తెచ్చాడు, చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాత రెండు మాత్రలు అరచేతిలో వేసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

“నాకు బీపీ మాత్ర ఉంది. దానితో పాటు ఇది వేసుకోవచ్చా?”

“తెలీదు తాతా.”

“దీన్ని చేసినోళ్లు యాడుంటారు?”

“తెలీదు. వ్యాన్లో వస్తాడు.”

“రేపు నాకేమన్నా అయితే ఆయన్ని పిలుస్తావా?”

ఆ వ్యాను మూడు సోమవారాలుగా రాలేదు. ఆ మాటే ఓబులేసు మెల్లగా చెప్పాడు.

“సరే” అన్నాడు తాత, ఎంతో మామూలుగా. బిస్మిల్లా అనుకుని, చెంబు ఎడమ చేతిలోకి తీసుకుని, అరచెయ్యి నోటి దగ్గరికి ఎత్తాడు.

ఎప్పుడు ముందుకు దూకాడో ఓబులేసుకే తెలియదు. తాత మణికట్టు తన చేతిలో ఉంది. మాత్రలు చాప మీద పడ్డాయి. చెంబులో నీళ్లు ఇద్దరి మీదా ఒలికాయి. పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ తాత పాదాలు తప్ప ఇంకేమీ తాకని మనిషి, ఆ చెయ్యి వదలడానికి భయపడుతూ అలాగే పట్టుకుని ఉన్నాడు.

తాత చెయ్యి లాక్కోలేదు.

“నా పానం కంటే నీ పానం చవకా, నాయనా?”

ఓబులేసు తల వంచుకున్నాడు. కొంతసేపటికి డబ్బా తీసుకుని గుట్ట కిందికి విసిరేయబోతే తాత ఆపాడు. దాన్ని పారెయ్యద్దు, రేపు సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ చూడాల అన్నాడు. రేపు గురువారం, వంట ఎట్లా అని ఓబులేసు అడిగాడు. ఊళ్లో ఇంకెవరికీ గరిటె పట్టుకోవడం రాదా అన్నాడు తాత.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి ఆదోని సర్కారు ఆసుపత్రికి వెళ్లారు. డబ్బా తాత ఒడిలోనే ఉంది. డాక్టరమ్మ ఓబులేసు మొహం చూసింది, చేతుల మీది మచ్చలు చూసింది, రక్తం తీయించింది. షుగరు బాగా పెరిగి ఉంది. ఇట్లాంటి మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలుపుతారనీ, అందుకే నొప్పి అంత తొందరగా పోతుందనీ చెప్పింది. భయపడి ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనట. తను రాసిచ్చిన మందుతో, తను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలట. ఒక్క మాట కూడా కసిరినట్టు అనలేదు. డబ్బాను పరీక్షకు పంపిస్తానని తన దగ్గర ఉంచుకుంది.

ఇంకెవరికైనా ఇచ్చావా అని ఆమె అడిగినప్పుడు ఓబులేసు కళ్లు చెమర్చాయి. తిప్పన్న పేరు చెప్పాడు. మాత్రలు సొంతంగా ఆపొద్దని చెప్పి అతన్ని రేపే తీసుకురమ్మంది. ఓబులేసు బయటికి వచ్చి అక్కడినుంచే తిప్పన్నకు ఫోను చేశాడు. తప్పు తనదేనని మొదట చెప్పి, తరువాత మిగతాది చెప్పాడు.

మోకాళ్ల నొప్పి మళ్లీ వస్తుందని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. కూర్చుని వంట చేసుకోమంది, రోజూ చెయ్యడానికి నాలుగు వ్యాయామాలు చూపించింది. అవి గుర్తుపెట్టుకోవడానికి తాత కూడా పక్కనే బల్ల మీద కూర్చుని కాళ్లు చాపి చేసి చూశాడు. నర్సమ్మ నవ్వింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు తాత ఓబులేసుకే ఇచ్చాడు. ఓబులేసు మనసులో నిన్నటినుంచి ఒక్కటే తిరుగుతోంది. సగం దారిలో ఉండబట్టలేక అడిగాడు.

“తాతా, నేను పట్టుకోకుంటే నిజంగా మింగేవాడివా?”

తాత అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు. కళ్లు తెరవకుండానే తల అతని భుజానికి ఆనించాడు.

“నువ్వు పట్టుకోకుండా ఎట్లుంటావు?” అన్నాడు.