ముంగిస తవ్విన పురిటిగది

ఎండలు ముదిరినన్నాళ్లూ చుక్కమ్మ తాబేలు గడ్డివాము కింద కలల్లోనే ఉండిపోయింది. ఓబులమ్మ తోటలో చిన్నప్పటినుంచీ పెరిగిన పెంపుడు తాబేలది. తొలకరి పడి ఎర్రమన్ను గుప్పుమనగానే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు కళ్లు తెరిచింది. ఆ వానల్లోనే కంచె కింద దూరి వచ్చిన మగ తాబేలు ఒకటి దాని వెంటపడి, చిప్పకు చిప్ప తాకించి, కొన్నాళ్లకు వచ్చిన దారినే పోయింది.

ఆ తర్వాత చుక్కమ్మ తీరే మారింది. ఎంతో ఇష్టమైన బచ్చలాకు వేసినా ముట్టదు. నిద్రలో నడిచినట్టు గోడ వెంట అటూ ఇటూ తిరుగుతుంది. ఆగి మన్ను వాసన చూస్తుంది. వెనక్కాళ్లతో కాస్త తోడి వదిలేస్తుంది.

"దీనికేదో జబ్బు. లేదంటే మతి చలించింది," అని తేల్చేసింది పెట్టకోడి.

"గుడ్ల మీదుందేమో," అన్నాడు ముసలి ఎద్దు మైలయ్య, నెమరేస్తూ.

"గుడ్లా! గుడ్డు పెట్టేవాళ్లు ఊరంతా వినబడేలా అరవద్దూ? నేను అరవడం లేదూ?"

"అందుకే కదమ్మా నీ గుడ్లు ఓబులమ్మ బుట్టలో ఉండేది."

కోడి రెక్కలు విదిలించుకుని వెళ్లిపోయింది. గోడ మీది ముంగిస మాత్రం ఆ మాట చెవిన వేసుకుని, నక్కవినయంతో కిందికి దిగింది.

"అక్కా, నీ పని నువ్వు కానివ్వు. నేను కావలి ఉంటా."

"ఏం పనో నాకే తెలీదు తమ్ముడూ," అంది చుక్కమ్మ మత్తుగా. "నేల లోపలినుంచి ఎవరో రమ్మంటున్నట్టుంది."

ఆ మధ్యాహ్నం దక్షిణపు గోడ దగ్గర తవ్వుతుంటే రాయి తగిలింది. చుక్కమ్మ మన్ను కప్పి నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. ముంగిస అప్పటికే ఆ చోటు పెళ్లగిస్తోంది! రాయిని కూడా దొర్లించి అవతల పారేసింది.

తన కడుపులో ఏముందో, వాడి కడుపులో ఏముందో చుక్కమ్మకు ఒక్కసారే అర్థమైంది.

"తాతా, నువ్వన్నదే నిజం. గుడ్లే. వాడు మింగేస్తాడు," అంది ఎద్దుతో.

"ఏం చేస్తావమ్మా?"

"వాడికి తవ్వడమంటే ఇష్టం కదా. తవ్విస్తా."

ఇక తోటంతా గోతులే. చుక్కమ్మ ప్రతిచోటా తోడుతుంది, కప్పుతుంది, పసిబిడ్డను జోకొట్టినట్టు పొట్టతో మెత్తగా అదుముతుంది. వెనకే ముంగిస వచ్చి తవ్వి, ఏమీ దొరక్క తిట్టుకుంటుంది. గోళ్లు అరిగిపోయాయి. చివరికి నేరేడు చెట్టు కింద నడుం లోతు గోతిలో అది రొప్పుతుండగా, చుక్కమ్మ మెల్లగా దక్షిణపు గోడ చేరింది. ముంగిస గుల్ల చేసిన మన్ను. రాయి లేదు, రప్ప లేదు. తన ఒంటి నీటితోనే నేల తడిపి, తవ్వి, కళ్లు మూసుకుంది. గుడ్లు ఒక్కొక్కటే జారాయి. లోపలినుంచి పిలిచిన గొంతు ఆగిపోయింది.

ముంగిస కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి ఆ చోటు చదునుగా ఉంది. పైన చుక్కమ్మ.

"ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఎండ బాగుంది తమ్ముడూ."

'ఈ చోటు నేనెప్పుడో తవ్వి చూశా, ఏమీ లేదు,' అనుకుంది ముంగిస. మర్నాడు చుక్కమ్మ బచ్చలాకు కరకరా నమిలింది.

"చూశారా, జబ్బు నయమైంది!" అని కోడి అరిచింది.

"గుడ్లూ లేవు, గాడిద గుడ్డూ లేదు," అని ముంగిస గోడ దూకి పోయింది.

చలికాలం చివర్లో, ఒక మంచు ఉదయం దక్షిణపు గోడ పక్కన మన్ను పగిలింది. వేలెడంత తాబేళ్లు, వీపుల నిండా చుక్కలతో, వెలుతురులోకి పాకాయి. ఓబులమ్మ మురిసిపోతూ వాటిని ఏరి వల కట్టిన గూట్లో పెట్టింది. గోడ మీద ముంగిస నోరు తెరిచి చూస్తోంది.

మైలయ్య తలెత్తాడు. "ఎవరు తీసిన గోతిలో వాళ్లు పడతారని విన్నాం గానీ, ఒకరు తీసిన గోతిలో ఇంకొకరి పిల్లలు పెరగడం ఇప్పుడే చూస్తున్నా అబ్బాయ్."

నీతి: నోరులేనివాళ్ల తీరు మారితే, జబ్బని తేల్చేముందు ఏ కాలం నడుస్తోందో చూడాలి.