జత లేని ఫంక్షన్

తమ్ముడి పేరు ఎక్కడైనా నిలబెట్టాలని పైడిరాజు తాపత్రయం. సముద్రం మీద చేపల వేటకెళ్లిన ఆ తమ్ముడు, గౌరీసు, తిరిగి రాక ఏడాదయింది. ఆ తర్వాతే పైడిరాజు కొండ మీది వాతావరణ కేంద్రంలో, సోమిదేవమ్మ గారి దగ్గర లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ ఉండేది వాళ్లిద్దరే. రోజుకి పది మాటలు కూడా దొర్లేవి కావు. ఒంటరితనం అతన్ని కొరుక్కుతినేది.

ఆ రోజు వానమీటరు తెరిచి, కొలిచి, మూసే మాక్రో రాశాడు. దాని పేరు విత్-వాన. పైకి కనిపించేది మాక్రో, అంటే ఆ పనులన్నిటికీ కలిపి వాడుకునే ఒక్క ఆదేశం. లోపల చాకిరీ అంతా దాని జత ఫంక్షన్ అనే ఇంకో ప్రోగ్రాం ముక్కది. రివాజు ప్రకారం మాక్రో పేరుకి ముందు కాల్ చేర్చి, ఆ ఫంక్షన్‌ని కాల్-విత్-వాన అనాలి. ఒక పేరు తెలిసినవాళ్లు రెండోదాన్ని ఇట్టే పట్టుకోవాలని అలా పెడతారు. పైడిరాజు దానికి గౌరీసు అని పెట్టాడు.

"ఇదేమిటి?" అన్నారు సోమిదేవమ్మ గారు.

"మా తమ్ముడి పేరెట్టినానమ్మా. లోపలిది ఎవలు సూస్తారు?"

ఆవిడ మందలించలేదు. పాత ఫైలొకటి తెరిచి, రామలింగం అనే ఫంక్షన్ చూపించారు.

"దీని మాక్రో ఏదో వెతుకు."

భోజనాల వేళ దాకా వెతికాడు. ప్రోగ్రాం మొత్తంలో ఆ ఫంక్షన్‌ని వాడేది ఒక్కటీ లేదు.

"దీన్నెవలూ పిలవట్లేదమ్మా."

"దీని మాక్రోని తర్వాత ఎవరో తిరగరాశారు. ఇది దాని జతేనని పేరు చూసి పోల్చుకోలేకపోయారు. లోపలి పనంతా మళ్లీ మొదట్నుంచీ రాసుకున్నారు. ఇది మిగిలిపోయింది. తీసెయ్."

పైడిరాజు మీట మీద వేలు పెట్టి ఆగాడు.

"రామలింగం అంటే ఎవలమ్మా?"

"మా ఆయన."

వేలు వెనక్కి తీసుకున్నాడు.

"నాకూ చెయ్యి రాలేదు," అన్నారావిడ. "ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది."

పైడిరాజు మళ్లీ తన ఫైలు తెరిచాడు. గౌరీసు అన్న పేరు చెరిపేసి కాల్-విత్-వాన అని కొట్టాడు. తమ్ముణ్ని రెండోసారి పోగొట్టుకున్నట్టయి ఏడుపు ముంచుకొచ్చింది.

"మరి ఆడి పేరు ఎక్కడెట్టుకోనమ్మా?"

సోమిదేవమ్మ గారు కంప్యూటర్ ఆపేసి, కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నారు.

"చెప్పు నాయనా," అన్నారు. "గౌరీసు ఎలా ఉండేవాడు?"