చెవి ఒగ్గిన ఆలకమ్మ

ఆలకమ్మగుట్టకు విచ్చేసే భక్తులకు ముందుగా ఒక మనవి. మీరు దిగిన బస్సు మీద 'అలకగుట్ట' అని రాసి ఉంటుంది. రోడ్డు పక్క పచ్చబోర్డు మీదా అంతే. రెండూ తప్పే. మా అమ్మవారికి ఎవరి మీదా అలక లేదు. ఆమె ఆలకమ్మ, అంటే ఆలకించే తల్లి. ఒక్క దీర్ఘం ఊడిపోయినందుకు పాపం అమ్మకు ఎంత అపవాదు! అలక తీరుస్తామని అరిసెలు తెచ్చేవారు, పట్టుచీర పరిచి బతిమాలేవారు, కోపం మానమని మైకు పెట్టి పాడేవారు కూడా ఉన్నారు. అరిసెలు తెస్తే కాదనం, తింటాం. మైకు మాత్రం వద్దు. ఎందుకు వద్దో ఈ చిన్న పుస్తకం చదివితే తెలుస్తుంది.

గుట్టకు పడమరగా తెల్లగా, చదునుగా కనబడేవి కొండలు కావు. రాతిని దంచి బంగారం తీసుకున్నాక పారబోసిన పొడి. కొంచెం గాలి లేచిందంటే అది ఇప్పటికీ మా సంగటి గిన్నెల్లోకి వస్తుంది. గని నోటి మీద నిలిచిన ఇనుప గోపురం తుప్పు పట్టిపోయింది, దాని చక్రంలో పావురాలు కాపురం పెట్టాయి. గని మూతపడి చాలా కాలమైంది. ఊరు ఇప్పుడు టమాటా మీద బతుకుతోంది. ధర ఉన్న ఏడాది అదీ బంగారమే.

ఇక్కడికి వచ్చినవారు రెండు సంగతులు చూసి ఆశ్చర్యపోతారు. అమ్మవారి గుడిలో గంట లేదు. హారతి వేళ ఎవరూ నోరు మెదపరు, పసిబిడ్డ ఏడిస్తే తల్లి బయటికి తీసుకుపోతుంది. ఇక రెండోది, ఊళ్ళో ఎవరైనా ఇల్లు దాటి వెళుతుంటే లోపల ఉన్నవారు ద్వారబంధం మీద మూడుసార్లు కొడతారు. ఎక్కడైనా తలుపు బయటినుంచి కొడతారు గానీ, లోపలినుంచి కొట్టే ఊరు మాదొక్కటే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు ఇదేం చోద్యమని నవ్వుతారు. నాలుగు రోజులయ్యాక వాళ్ళే కొడతారు.

పూర్వం ఇక్కడ గని లేదు, ఊరు లేదు. సీకాయ పొదలు, ఎలుగుబంట్లు ఉండేవి. ఈరన్న అనే గొల్లవాడు ఈ గుట్ట మీద మేకలు మేపేవాడు. ఒకనాడు అతని మంద నుంచి ఒక పిల్ల తప్పిపోయింది. సాయంత్రం దాకా పొదలన్నీ వెతికి, విసిగి, గుట్ట నడినెత్తిన ఉన్న నిలువురాతికి చెంప ఆనించి కూలబడ్డాడు. రాతిలోనుంచి సన్నగా మేకపిల్ల అరుపు వినబడింది. చెంప తీస్తే అరుపు లేదు, ఆనిస్తే ఉంది. రాతి పక్కన ఉన్న సందులోనుంచి ఆ పిల్ల లోపలి గుహలోకి జారిపోయిందని గ్రహించి, తాడు వేసి పైకి తీశాడు. "నా మొర ఆలకించినావు తల్లీ" అని ఆ రాతికి పసుపు రాశాడు. ఇంకో పిల్ల పడకుండా సందును బండలతో పూడ్చాడు. నాటినుంచి ఆ నిలువురాయే ఆలకమ్మ. కింద గుహ ఉన్న మాట మాత్రం ఈరన్నతోనే పోయింది.

కాలం గడిచింది. గుట్ట కింద బంగారం ఉందని కనిపెట్టిన కంపెనీ ఒకటి వచ్చింది. గని తవ్వారు, కూలీలు వచ్చారు, ఊరు వెలిసింది. రాతిని దంచే మర ఒకటి వెలిసింది. వరుసగా నిలబెట్టిన ఇనుప రోకళ్ళు లేచి పడుతుంటే రాయి పిండి అయ్యేది. దాన్ని జనం రోకళ్ళ మర అన్నారు. పగలూ రాత్రీ, పండగా పబ్బమూ లేకుండా అది దంచుతూనే ఉండేది. ఈ ఊరివాళ్ళు పొరుగూరికి పోయినా కేకలు పెట్టి మాట్లాడేవారట. వియ్యాలవారు కొట్లాటకు వచ్చారనుకుని భయపడేవారట.

ఆ మరకు రాళ్ళు కొట్టి, గంపలతో మోసి పోసేది ఆడవాళ్ళే. వారిలో కదిరమ్మ ఒకతె. ఆమె భర్త తిప్పన్న గని లోపల రాయి పగిలేలా తూటాలు పేల్చే పని చేసేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ప్రాణం ఉన్నచోటే కదా పంతమూ ఉండేది! కదిరమ్మ చెల్లెలి పెళ్ళికి ఇద్దరం కలిసి పోదామని తిప్పన్న మాట ఇచ్చాడు. తీరా ప్రయాణం నాటికి మనుషులు చాలలేదని కేశవులు మేస్త్రీ బతిమాలితే, మొహమాటానికి పనికి ఒప్పుకున్నాడు. కదిరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తెల్లవారి సంగటి కెలుకుతూ పొయ్యి వైపే తిరిగి కూర్చుంది.

తిప్పన్న గడపలో నిలబడి, "పొయ్యొస్తా కదిరీ" అన్నాడు. ఆమె పలకలేదు. "పొయ్యొస్తా మే" అన్నాడు మళ్ళీ. ఆమెకు వినబడింది. వినబడనట్టు తెడ్డు తిప్పుతూ ఉండిపోయింది. అతను కొంతసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ రోజే గని లోపల ఒక తూటా అదను తప్పి పేలి పైకప్పు కూలింది. తిప్పన్న, అతనితో పనిచేసే ముగ్గురు అవతల చిక్కుకుపోయారు. కేశవులు మేస్త్రీ మనుషులను పెట్టి రాళ్ళు తీయిస్తుంటే తీసినకొద్దీ పైనుంచి కూలుతూనే ఉంది. పోనీ, వారు ఏ మూలన ఉన్నారో తెలిస్తే ఇంకో దిక్కునుంచి తవ్వవచ్చు. అదీ తెలియదు. చివరికి కంపెనీ దొర తల అడ్డంగా ఊపాడు. తవ్వకం ఆగింది. మర మాత్రం ఆగలేదు.

ఊళ్ళోని పెద్ద ఆడవాళ్ళు కదిరమ్మ దగ్గరికి వచ్చి, జరగవలసినవి జరగాలి కదమ్మా అని గాజుల మాట ఎత్తారు. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"ఆయన పొయ్యొస్తా అన్నాడు. నేనింకా జవాబు చెప్పలేదు. జవాబు చెప్పినాకనే ఏదైనా" అంది.

ఆ మాట అనేసి గుట్టెక్కి, ఆలకమ్మ రాతిని పట్టుకుని ఏడ్చి ఏడ్చి, ఎండలోనే నిద్రలోకి జారింది. కలలో ఒక ముసలమ్మ వచ్చింది. నెత్తిన రాళ్ళ గంప, చేతిలో సుత్తి, తమతో పనిచేసే ఆడమనిషి లాగే ఉంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందమ్మే? గట్టిగా చెప్పు" అంది.

"నా మొగుణ్ణి కాపాడు తల్లీ" అని కదిరమ్మ అరిచింది.

"ఆఁ? ఏమంటివి? ఈ రోకళ్ళ మోతలో నాకేం ఇనపడి చస్తుందే! ఇన్నేండ్లుగా మీరు మొక్కేది మొక్కుతానే ఉండారు, నేను ఆఁ ఆఁ అంటానే ఉండాను. కోడి వద్దు, కుంభం వద్దు. ఒక్క పూట ఊరకుండండి, అదే నాకు నైవేద్యం."

కదిరమ్మ దిగ్గున లేచింది. లేచినది లేచినట్టే గుట్ట దిగి, మర దగ్గర గంపలు మోస్తున్న ఆడవాళ్ళకు కల చెప్పింది. ఒక్కొక్కతే గంప దించింది. గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

ఆ మరకు ఒక గుణం ఉంది. అడుగున రాయి లేకుండా రోకలి పడితే ఇనుము ఇనుమును కొట్టి పగిలిపోతుంది. అందుకని రాయి పోసే చెయ్యి ఆగితే మరను ఆపక తప్పదు. కేశవులు మేస్త్రీ పరుగున వచ్చి అరిచాడు, తిట్టాడు, దండం పెట్టాడు. ఒక్కతీ లేవలేదు. ఏమైందని దొర అడిగితే, "ఆడవాళ్ళు అలిగినారు దొరా" అన్నాడు. దొరకు ఆ ఒక్క ముక్క బాగా పట్టుబడింది, కంపెనీ కాగితాల్లో ఊరికి ఆ పేరే రాయించాడు. ఊరి పేరులో దీర్ఘం ఊడింది ఆనాడే. అమ్మ పేరు ఆలకింపు వల్ల వచ్చిందన్నది నిజం, ఊరికి అలక అంటిందన్నదీ నిజం.

మర ఆగింది.

పుట్టిన నాటినుంచి ఆ మోతలోనే నిద్రపోయిన పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి, ఊరంతా ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. తల్లులు పాలిచ్చి ఊరుకోబెట్టారు. కుక్కలు సైతం కాసేపు మొరిగి, తమ గొంతు తమకే కొత్తగా వినబడి, నోరు మూసుకున్నాయి. జనమంతా గుట్ట చేరి, ఎక్కడ రాయి దొరికితే అక్కడ చెవి ఆనించారు.

కదిరమ్మ తన సుత్తితో ఆలకమ్మ రాతి మీద మూడుసార్లు కొట్టింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. ఏమీ లేదు. రాతికి నోరు ఆనించి, ఆనాడు చెప్పవలసిన జవాబు చెప్పింది. "ఊఁ. పొయ్యిరా. బిరీన రా." అని మరొక్కసారి మూడు దెబ్బలు కొట్టింది.

అడుగునుంచి, చాలా సన్నగా, మూడు దెబ్బలు వచ్చాయి.

"ఊఁ కొడతాండాడు! మా ఆయన ఊఁ కొడతాండాడు!" అని కదిరమ్మ పెట్టిన కేక పొరుగూరికి వినబడిందంటారు.

చప్పుడు వచ్చింది సరిగ్గా అమ్మవారి రాతి కిందినుంచి. ఈరన్న నాటి గుహలోకి వారు పాకి చేరుకున్నారన్నమాట. తవ్వాలంటే అమ్మనే కదిలించాలి. గడ్డపారలు పట్టుకున్నవారు వెనకడుగు వేశారు. దేవతను పెకలించిన పాపం ఎవరు మోస్తారు? అందరికంటే ముందు గడ్డపార దించినవాడు కేశవులు మేస్త్రీ. "వాణ్ణి ఆ పూట రమ్మనింది నేను. పాపముంటే నాదే" అన్నాడు. మిగిలినవారు చెయ్యి వేశారు. నిలువురాయి మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన చోట సందు తెరుచుకుంది. తాడు వేసి నలుగురినీ పైకి తీశారు. నలుగురికీ ప్రాణం ఉంది. కేశవులు ఒక్కొక్కరి ముఖం తడిమి చూసి బావురుమన్నాడు.

అయితే, ఆ పేలుడుకు దగ్గరగా ఉన్న తిప్పన్నకు చెవులు పోయాయి. కదిరమ్మ దెబ్బలు అతను విననే లేదు. రాతికి చెయ్యి ఆనించి పడుకుంటే అరచేతికి తెలిసిందట. రాతికి నోరు పెట్టి ఆమె చెప్పిన జవాబు అతనికి ఎన్నటికీ వినబడదు.

ఒంట్లో బలం వచ్చాక ఒక ఉదయం తిప్పన్న పని వెతుక్కుంటూ బయలుదేరాడు. గడపలో నిలబడి, ద్వారబంధం పట్టుకుని, అలవాటుగా "పొయ్యొస్తా కదిరీ" అన్నాడు. ఆమె పొయ్యి దగ్గరినుంచి ఒక్క ఉదుటున లేచి, "ఊఁ, పొయ్యిరా!" అని వీధంతా వినబడేలా అరిచింది. వీధంతా వింది. అతను వినలేదు, వెళ్ళబోతున్నాడు. కదిరమ్మ తెడ్డు తిరగేసి ద్వారబంధం మీద మూడుసార్లు కొట్టింది. అతని చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి ఆమెను చూసి, "ఇనపడిందిలే" అన్నాడు. ఇద్దరూ గడపలోనే నిలబడి ఏడ్చారు. బతికినన్నాళ్ళూ అతను గడప దాటిన ప్రతిసారీ ఆ చప్పుడు మోగింది. చూసి పక్కింటివారు నేర్చుకున్నారు, వారిని చూసి ఊరు నేర్చుకుంది.

నేడు గర్భగుడిలో మీరు చూసే అమ్మ ఆనాడు ఒరిగినట్టే, చెవి ఒగ్గి వింటున్నట్టే ఉంటుంది. నిలబెడదామని ఉత్సాహపడే దాతలు అప్పుడప్పుడు వస్తుంటారు. వారికి కాఫీ ఇచ్చి పంపిస్తాం. పూజారిణులు కదిరమ్మ వంశంలోని ఆడపడుచులే. హారతి అయ్యాక పూజారిణి సుత్తితో రాతి మీద మూడుసార్లు కొడుతుంది. అప్పుడు మీ మొర మనసులో చెప్పుకోండి. మర పోయింది, బంగారం పోయింది, అమ్మకు ఇప్పుడు స్పష్టంగా వినబడుతుంది. దూరాన ఉన్నవారు క్షేమంగా తిరిగి వస్తారని, మాట లేని ఇళ్ళలో మాట పుడుతుందని ఇక్కడివారి నమ్మకం, అనుభవం.

ఇంట్లో ఎవరితోనైనా మాట మానేసి వచ్చి ఉంటే మాత్రం, ముందు బయటికి పోయి ఫోను చేసి రండి. అమ్మ ఎక్కడికీ పోదు.

దర్శనమయ్యాక మెట్లు దిగుతుంటే మీ వెనక మళ్ళీ మూడు దెబ్బలు వినబడతాయి. ఏదో మరిచిపోయామని కంగారుపడి వెనక్కి రాకండి. మీరు పొయ్యొస్తామన్నారు కదా, అమ్మ ఊఁ కొట్టింది.