తినేసిన సాక్షులు

చింతలేరుకు ఇవతల అడవి, అవతల మనుషుల పొలాలు. ఇవతల ఉన్నంతకాలం ఏ జంతువైనా అడవి బిడ్డే. తప్పు చేసిందని తేలితే మాత్రం దాన్ని ఏరు దాటించేవాళ్ళు. వినడానికి చిన్న శిక్షే గానీ, ఒళ్ళంతా పొలుసులుండే అలుగు జాతికి అది చావుకబురు. దాని పొలుసుల కోసం అవతల ఉచ్చులు పన్ని కాచుకున్నవాళ్ళున్నారు మరి.

ఆ అడవిలో అలుగు ఒక్కటే ఉండేది. పేరు పొలుసయ్య. పగలంతా బొరియలో నిద్ర, పొద్దు వాలాక తిండి కోసం తిరుగుడు. అతను లేచేసరికి మిగతావాళ్ళు గూళ్ళకు చేరేవాళ్ళు, వాళ్ళు లేచేసరికి ఇతను పడుకునేవాడు. నలుగురినీ పలకరిద్దామని ఒకటి రెండుసార్లు పెందలాడే లేచి చూశాడు. వెలుతురు పడక కళ్ళు చికిలించుకుంటూ బయటికొస్తే, "ఏంటా చూపు, తినేసేలా!" అని కుందేళ్ళు పక్కకు తప్పుకున్నాయి. ఆ తర్వాత ఆ ప్రయత్నం మానేశాడు. అడవి మొత్తంలో అతనంత పొడుగు నాలుక ఇంకెవరికీ లేదు, అయినా ఎవరికీ తలలో నాలుక కాలేకపోయాడు.

పైగా ఇంకో తంటా ఉంది. భయమేస్తే ఉండచుట్టుకోవడం అతని పుట్టుక లక్షణం. చూసేవాళ్ళకు అది భయంలా కనిపించేది కాదు. "అదిగో, అలిగాడు" అనేవాళ్ళు. పేరే అలుగు కదా, అలగడం కాక ఇంకేం చేతనవుతుందని వాళ్ళ ఉద్దేశం.

ఒకరోజు పొద్దున్నే బొరియ ముందు గోల వినిపించింది.

"బయటికి రారా దొంగా!"

వచ్చి చూస్తే వాకిట్లో ఏడు గుడ్డుపెంకులు పడున్నాయి. అవి అడవికోడి చుక్కమ్మ గుడ్లు. ముందురోజు సాయంత్రం ఆమె ఏటికి నీళ్ళకెళ్ళి వచ్చేసరికి గూడు ఖాళీ అయిపోయింది. పెంకులు ఇక్కడున్నాయని కనిపెట్టి పదిమందినీ పోగేసుకొచ్చింది నక్క జంబయ్య.

ఈ జంబయ్యకు పైకోరల్లో ఎడమది ఏనాడో ఊడిపోయింది. మిగిలింది కుడిదొక్కటే. దాన్ని చూసుకునే అతనికి మహా గర్వం. ఎండాకాలం ముంచుకొస్తోంది. పొలుసయ్య బొరియ లోతైనది, చల్లనిది. జంబయ్యకున్నది బండ కింద ఇరుకు సందు. ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఏటి ఒడ్డున బోడిబండ మీద పంచాయితీ కూర్చుంది. తీర్పరి అడవిదున్న దొడ్డయ్య. ఆయన తీర్పుకొక పద్ధతుంది. నేలమీద మూడుసార్లు డెక్క కొడతాడు. మొదటిది పడితే విన్నట్టు, రెండోది పడితే తేల్చినట్టు, మూడోది పడితే ఇక తిరుగులేనట్టు. మూడోది పడేలోపు ఎవరైనా అడ్డుచెప్పొచ్చు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. దున్నపోతుకు అడ్డంపోయే సరదా ఎవరికుంటుంది?

"ఇతని తరఫున మాట్లాడేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు దొడ్డయ్య.

పొలుసయ్య ఒక్కో ముఖం వంకా చూశాడు. ఒక్కరి పేరూ తెలియదు అతనికి. ఎవరూ కదల్లేదు.

"సాక్షి ఉన్నాడు పెద్దయ్యా," అంటూ జంబయ్య ఒక కుందేల్ని ముందుకు నెట్టాడు.

"గూడు దగ్గర గోళ్ళతో గీకిన చప్పుడు విన్నానండి," అంది కుందేలు.

"ఎప్పుడు విన్నావు?"

"ఇందాకే. జంబయ్య మామ చెప్తుంటే విన్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జంబయ్య మాత్రం తొణకలేదు. "విన్నది విన్నదే కదా పెద్దయ్యా! ఆ చెవులు చూడండి, ఎంతేసి ఉన్నాయో!"

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావు," అని గొణిగాడు దొడ్డయ్య. కుందేలు కంగారుగా వంగి తన కాళ్ళు చూసుకుంది.

జంబయ్య పొలుసయ్య వైపు తిరిగాడు. "నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఎర్రమట్టి పుట్ట దగ్గర."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మొన్న?"

"ఎవరూ లేరు."

"అసలు నీ పక్కన ఎప్పుడైనా ఎవరైనా ఉన్నారా?"

ఆ మాట అతన్ని ఎక్కడో తాకింది. ఇన్నాళ్ళూ తనకు తాను కూడా వేసుకోని ప్రశ్న అది. నలుగురి ముందు, ఎర్రటి ఎండలో, నక్క నోటినుంచి వినాల్సొచ్చింది. లేరు అని చెప్పడానికి నోరు రాలేదు. తల పొట్టలోకి ముడుచుకుని, తోక చుట్టూ తిప్పుకుని ఉండలా అయిపోయాడు.

"చూశారా, అలిగాడు!" ఎగిరి గంతేశాడు జంబయ్య. "అడిగినదానికి జవాబుందా? మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. సగం ఇతనే ఒప్పుకున్నాడు. సాక్షి లేడు గనక మిగతా సగం మనం కలుపుకోవాలి. లెక్క సరిపోయింది!"

దొడ్డయ్య చెడ్డవాడేం కాదు. కానీ ఎండెక్కుతోంది, పొద్దుటినుంచీ మేత లేదు. ఆకలి మీదున్న తీర్పరికి ప్రతి లెక్కా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఆయన మొదటి డెక్క కొట్టాడు. రెండోదీ కొట్టాడు.

ఉండలోపల చీకటి. బండ అదిరినప్పుడల్లా పొలుసులు గలగలమన్నాయి. వెలివేస్తారట. ఎప్పుడు లోపలున్నాను గనక వెలివేయడానికి, అనుకున్నాడు పొలుసయ్య. అలా అనుకోగానే ఏడుపొచ్చింది. మూడో డెక్క కోసం ఒళ్ళు బిగబట్టుకున్నాడు.

"ఆగండి పెద్దయ్యా!"

ఆ గొంతు చుక్కమ్మది. గుడ్లు పోగొట్టుకున్న తల్లిది.

"నీ తరఫునే కదమ్మా తీర్పు చెప్తున్నాం," అన్నాడు దొడ్డయ్య ఎత్తిన కాలు దించకుండా.

"నాకు ఎవడో ఒక దొంగ కాదండీ, నా గుడ్లు తిన్న దొంగ కావాలి. తినని ఇతన్ని ఏరు దాటిస్తే తిన్నవాడు ఇవతలే మిగులుతాడు. వచ్చే నెల నేను మళ్ళీ గుడ్లు పెట్టాలి."

"సాక్షి లేడు కదమ్మా ఇతనికి!" అన్నాడు జంబయ్య.

"నిన్న సాయంత్రం ఏటి దగ్గర నేనూ ఒక్కదాన్నే ఉన్నాను. నాకూ సాక్షి లేడు. అంటే నా గుడ్లు నేనే తిన్నానా? నేరం మోపింది నువ్వు. రుజువు నువ్వు తేవాలి గానీ, అతన్ని తెమ్మంటావేంటి?"

జంబయ్య తోక కొంచెం కిందికి దిగింది. చుక్కమ్మ ఉండ దగ్గరికొచ్చి ముక్కుతో మెల్లగా తట్టింది.

"అన్నా, నువ్వేం తింటావు?"

పొలుసయ్య తను విన్నది నిజమేనా అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. ఆ గొంతులో దబాయింపు లేదు, తెలుసుకుందామన్న ఆసక్తే ఉంది. పొలుసులు కొద్దిగా సడలాయి. ముక్కు మాత్రం బయటికొచ్చింది.

"చెదలమ్మా. చీమలు కూడా."

"నిన్న సాయంత్రం?"

"పుట్ట దగ్గర చెదలు తిన్నాను."

"చూసినవాళ్ళు లేరన్నావుగా!" అని అరిచాడు జంబయ్య.

"ఆ చెదలు చూశాయి," అన్నాడు పొలుసయ్య. కాస్త ఆగి, "కానీ తినేశాను," అన్నాడు.

బండ మీద నవ్వులే నవ్వులు. దొడ్డయ్య కూడా నవ్వాడు. పొలుసయ్య నవ్వలేదు. అతను చెప్పింది నిజం. ఆ సాయంత్రం తనను చూసిన ప్రాణాలు లోకంలో అవే.

"నోరు తెరువన్నా," అంది చుక్కమ్మ.

సిగ్గుపడుతూనే తెరిచాడు. మూరెడు నాలుక బయటికి జారింది. ఒక్క పన్ను లేదు. పైనా లేదు, కిందా లేదు. నవ్వులు ఆగిపోయాయి. చుక్కమ్మ తను వెంట తెచ్చుకున్న ఒక పెంకును కాలితో బండ మధ్యకు దొర్లించింది. దానికి ఒక పక్కన పంటి బెజ్జం గుండ్రంగా ఉంది.

"పళ్ళు లేనివాడు ఇలా ఎలా కొరికాడు, పెద్దయ్యా?"

ఇక్కడ నోరు మూసుకుంటే జంబయ్య బతికిపోయేవాడు. కానీ వాదన గెలవాలన్న యావ తలకెక్కినవాడికి నోరు ఊరుకుంటుందా?

"పళ్ళు లేకపోతేనేం, చిగుళ్ళు లేవా?" అంటూ ఒక్క దూకులో పెంకు అందుకున్నాడు. "అదేమంత బ్రహ్మవిద్యా? ఇదిగో, ఇలా పట్టుకుని, ఇలా నొక్కి..."

నొక్కాడు. కుడికోర ఆ బెజ్జంలోకి ఉంగరంలో వేలు దూరినట్టు దూరింది. దూరింది దూరినట్టే ఇరుక్కుపోయింది. తల విదిలించాడు, కాలితో లాగాడు, ఊడి రాలేదు. పెంకు కోరకు వేలాడుతుంటే నోరు తెరవలేక, మూయలేక గుడ్లు తేలేశాడు.

"మాట్లాడవేం జంబయ్యా?" అన్నాడు దొడ్డయ్య.

జంబయ్య గొంతులోంచి గురగుర తప్ప మాట రాలేదు.

"పలకడం లేదు! మౌనం అర్ధాంగీకారం!" కుందేలే ముందు అందుకుంది. "మూడో డెక్క కొట్టండి పెద్దయ్యా!" అని అడవంతా అరిచింది. దొడ్డయ్య కాలెత్తాడు.

"వద్దండి," అంది ఒక గొంతు.

ఎవరిదా అని అందరూ వెనక్కి చూశారు. పొలుసయ్య పూర్తిగా విచ్చుకుని నిలబడ్డాడు.

"పలకలేదని తప్పు కట్టొద్దండి. ఉండలోపల ఏముంటుందో బయటున్నవాళ్ళకు తెలియదు. ముందు ఆ పెంకు తీయించి, చెప్పుకునేది ఉంటే చెప్పుకోనివ్వండి. ఆ తర్వాత మిగతా పెంకులు కూడా చూడండి."

దొడ్డయ్య ఎత్తిన కాలు నెమ్మదిగా దించాడు. ఆ ముసలి ముఖంలో సిగ్గు కనిపించింది.

పెంకు ఊడదీశారు. "ఇప్పుడు చెప్పుకో నాయనా, నువ్వు చెప్పేదీ వింటాం," అన్నాడు దొడ్డయ్య.

జంబయ్య దవడ రుద్దుకుంటూ కోపంగా చుట్టూ చూశాడు. "ఏడు గుడ్లు తిన్నానని నామీద తోస్తే ఊరుకోను! ఏడెక్కడ తిన్నాను? అందులో ఒకటి మురిగిపోతే ఉమ్మేశాను కదా!"

నోరు మూతపడ్డప్పుడు దొరకనివాడు, నోరు తెరవగానే దొరికిపోయాడు. అయినా దొడ్డయ్య ఈసారి తొందరపడలేదు. మిగతా ఆరు పెంకులూ తెప్పించి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ప్రతిదానికీ ఒక్కటే బెజ్జం. అన్నీ ఆ కోరకు సరిపోయేవే. అప్పుడు గానీ డెక్క ఎత్తలేదు. మళ్ళీ మొదటినుంచీ మూడుసార్లు కొట్టాడు.

చల్లని బొరియ కోసం ఎత్తు వేసిన జంబయ్య, ఎండకు కాగుతున్న ఇసుకలో కాళ్ళు కాల్చుకుంటూ ఏరు దాటాడు. అవతలి పొలంలో కుక్కలు మొరగడం అందరికీ వినిపించింది.

తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నక్క కోర గురించి, పెంకు గురించి చెప్పుకుంటూ నవ్వుకుంటూ వెళ్ళారు. తనకు మొదటినుంచీ అనుమానమేనని కుందేలు అందరికీ చెప్పుకుంది. పొలుసయ్యతో ఎవరూ ఏమీ అనలేదు. పొరపాటైందనైనా అనలేదు. గెలిచినవాడు కూడా ఒంటరిగానే ఇంటికెళ్ళాల్సి వచ్చింది. వాకిలి ఊడ్చుకుని, ఎండ కంట్లో పడకుండా లోపలికి జరిగి పడుకున్నాడు. చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా పుట్టకు బయల్దేరాడు. దారిలో ఈతపొద పక్కన ఏదో కదిలింది. చుక్కమ్మ. ముక్కుతో ఎండుటాకులు ఏరి కొత్త గూడు కట్టుకుంటోంది. అతని బొరియకు పది అడుగుల దూరం కూడా లేదది.

"పుట్టకేనా అన్నా?" అంది తలెత్తకుండానే.

"అవునమ్మా."

"సరే, వెళ్ళిరా. నేను చూశాను," అంది. "రేపెవరైనా అడిగితే చెప్తాను."

పొలుసయ్య నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

నేరం మోపినవాడే రుజువు తేవాలి. సాక్షి లేనంతమాత్రాన ఎవడూ దొంగ కాడు, ఒంటరివాడు, అంతే.