కాకుల కాపలా

యజ్ఞన్న ఘనపాఠి గారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు కాస్త జంకే. కోప్పడతారని కాదు, అడిగినవాడికి ఏదో ఒక పని తగిలిస్తారని. ఫలానా మంత్రంలో స్వరం అక్కడే ఎందుకు లేవాలని అడిగిన పాపానికి ఒకడు మధ్యాహ్నమంతా తప్పించుకున్న ఆవుదూడ వెనక తిరిగాడు. తిరిగొచ్చేసరికి వాడికి సమాధానం దొరికిందని పాఠశాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరికిందో, అలిసిపోయి అడగడం మానేశాడో ఆ భగవంతుడికే తెలియాలి.

అలాంటి మనిషి దగ్గరికి కామేశం వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా అడిగేశాడు. "గురువు గారూ, పిల్లలకు మాట ఎలా నేర్పాలి?"

కామేశం ఆయన దగ్గరే చదువుకుని, పక్క ఊళ్ళో తనూ నలుగురికి వేదం చెబుతున్నవాడు. కంఠం ఖంగుమని మోగుతుంది, అక్షరం పొల్లు పోదు. అతని కూతురు పూర్ణకి మూడో ఏడు నడుస్తోంది. చురుకైన పిల్ల. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. తువ్వాలు తెమ్మంటే తెస్తుంది, తలుపు వెయ్యమంటే వేస్తుంది. మాట మాత్రం లేదు. ఏం కావాలన్నా వేలు చూపించడమే. వేదం చెప్పుకు బతికే ఇంట్లో మూగపిల్ల పుట్టిందేమిటని ఊరంతా గుసగుసలాడుతోంది. ఆ మాటలు చెవినపడి భార్య మాణిక్యం పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. కామేశానికీ లోపల భయంగానే ఉంది, పైకి చెప్పుకోడు.

అలాగని ఊరుకున్నాడా అంటే, ఊరుకున్నా బాగుండేది. వేదం నేర్పడానికి ఒక పద్ధతుంది, సంత చెప్పడం అంటారు. గురువు ఎదురుగా కూర్చుని ఒకసారి అంటాడు, శిష్యుడు అదే రెండుసార్లు అంటాడు. తను నేర్చుకున్నది అలాగే, నేర్పుతున్నదీ అలాగే, కన్నకూతురికి వేరే పద్ధతి ఎందుకనుకున్నాడు మహానుభావుడు. తెల్లారగానే పిల్లని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి, చెంబు చేత్తో ఎత్తి పట్టుకుని "చెంబు" అనేవాడు. రెండుసార్లు తిరిగొస్తుందని చూసేవాడు. పిల్ల చెంబు వంక చూసేది, తండ్రి పిలక వంక చూసేది, వీధి గుమ్మం వంక చూసేది. తర్వాత గరిటె, తర్వాత దీపపు సెమ్మె, తర్వాత మళ్ళీ చెంబు. ఇది చాలదన్నట్టు ఇంట్లో ఓ కట్టుదిట్టం పెట్టాడు. పిల్ల ముందు బువ్వ అనకూడదు, లాల అనకూడదు. అన్నం అనాలి, స్నానం అనాలి. ఉచ్చారణ మొదట్లోనే పాడైతే జన్మలో బాగుపడదని అతని భయం. పాపం మాణిక్యం, ఎక్కడ ఏ తప్పు దొర్లుతుందోనని ఇంట్లో మూతి బిగించుకుని తిరిగేది. మాట్లాడకపోతే ప్రాణం పోయేలా ఉన్నప్పుడు పిల్లని చంకనేసుకుని పెరటి గోడ దగ్గరికి పోయి, అవతలింటి సుందరమ్మతో కడుపునిండా కబుర్లు చెప్పుకుని వచ్చేది.

ఇదంతా ఓపిగ్గా విని ఘనపాఠి గారు, రేపు పిల్లని తీసుకురమ్మన్నారు. ఇంట్లో వడియాలు పెడుతున్నారట, కాకుల కాపలాకి మనిషి కావాలట. కామేశానికి ఒళ్ళు మండింది. పిల్లకి మాట రావడం లేదు మొర్రో అని తను ఏడుస్తుంటే ఈయన వడియాలంటారేమిటి? అయినా గురువు మాటాయె. మర్నాడు పొద్దెక్కేసరికి పిల్లతో సహా దిగాడు.

డాబా మీద తడిపిన పాత పంచెలు పరిచి, గురుపత్నీ, ఆవిడ కోడళ్ళూ గుమ్మడి వడియాలు పెడుతున్నారు. పెడుతున్నంతసేపూ ఒకటే మాటలు. పిండి జారైందని ఒకరు, ఇంగువ చాల్లేదని ఒకరు, కిందటేడు కాకులు సగం తినేశాయని మరొకరు. పూర్ణ వాళ్ళ మధ్య చతికిలబడి, చేతికి పిండి పూసుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖం వైపు తల తిప్పుతోంది. ఏదమ్మా ఓ మాట చెప్పు అని వాళ్ళలో ఒక్కరూ దాన్ని అడగలేదు. పని అయ్యాక ఆడవాళ్ళు కిందికి దిగిపోయారు. ఘనపాఠి గారు వేపకొమ్మ నీడ పడే చోట చాప వేసుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కామేశాన్ని మెట్ల మీద ఉండమని, ఏం జరిగినా నోరు మెదపవద్దని మరీ మరీ చెప్పారు.

తాతా పిల్లా పక్కపక్కన కూర్చుని వడియాల మీదే కన్నేసి ఉన్నారు. కాకి వాలగానే ఆయన చేతికర్ర నేలకి తాటించి, హుష్ కాకీ పో అనేవారు. పిల్ల రెండు చేతులూ ఊపేది. చూడు, మళ్ళీ వస్తుంది దొంగది, అనేవారు. అన్నట్టే వచ్చేది. పిల్ల పడీ పడీ నవ్వేది. ఇలా కాసేపు సాగాక ఘనపాఠి గారు పిట్టగోడకి జారబడి కళ్ళు మూసుకున్నారు. సన్నగా గురక కూడా మొదలైంది.

సరిగ్గా అప్పుడే కాకి వాలింది. మెట్ల మీద కామేశం సగం లేచి, గురువాజ్ఞ గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు. పిల్ల చేతులు ఊపింది. కాకి దాన్ని పూచికపుల్లకింద కూడా లెక్కచెయ్యలేదు. పిల్ల వేలు చూపించింది. ఎవరికని చూపిస్తుంది, తాత కళ్ళు మూసుకునుంటే? మోకాలి మీద తట్టింది. గురక ఆగలేదు. కాకి ఇంకో గెంతు గెంతి, పచ్చి వడియాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. పిల్ల ముఖం కందిపోయింది. ఇక ఏడుపే అనుకున్నాడు కామేశం.

"తాతా! కాకీ!"

కామేశం మెట్టు మీంచి మెడ సాచాడు. తను విన్నది నిజమేనా? అక్కడ ముసలాయన ఉలకలేదు, పలకలేదు.

"తాతా, లే! కాకి తీసుపోయింది! అదుగో, చెత్తు మీద!"

ఆయన కళ్ళు మూసుకునే, ఒకటే తీసుకుపోయిందా అని గొణిగారు.

"ఇంకోతి వత్తోంది! లే తాతా, కర్ర, కర్ర!"

ఒక మాటా, రెండు మాటలా! ఇన్నాళ్ళూ ఏ మూల దాచుకుందో గానీ అన్నీ ఒక్కసారి తోసుకొచ్చేశాయి. దొంగది అంది, పిండి అంది, పో పో అంది, మధ్యలో ఎందుకో పెరటి గోడ అవతలి సుందరమ్మని కూడా ఓ కేక వేసింది. సగం అక్షరాలు వంకర, సగం మాటలు తలకిందులు. ఉచ్చారణకి ప్రాణమిచ్చే కామేశానికి ఆ క్షణాన వాటిలో ఒక్క తప్పూ వినబడలేదు. నా తల్లి మూగది కాదు, నా తల్లి మూగది కాదు అని లోలోపల అనుకుంటూ, సంతోషం పట్టలేక, ఆజ్ఞా గీజ్ఞా మరిచిపోయి పైకి పరిగెత్తుకొచ్చాడు. దారిలో ఎన్ని వడియాలు తొక్కాడో చూసుకోలేదు. ఆ పూట కాకులు చేసిన నష్టం దాని ముందు ఏపాటిది? వచ్చి పిల్ల ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వేలెత్తి, గొంతు సవరించుకుని, స్పష్టంగా అన్నాడు.

"కాకి. ఏదీ, అనమ్మా. కాకి."

పిల్ల అతని పిలక వంక చూసింది. మెట్ల వంక చూసింది. నోరు మూసుకుని తాత వెనక్కి నక్కింది.

ఘనపాఠి గారు కళ్ళు తెరిచారు. కామేశం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమో ఉక్రోషమో అతనికే తెలియలేదు.

"నోరు నొప్పెట్టేలా చెప్పానండీ ఇన్నాళ్ళూ. నాతో ఒక్క మాటా అనలేదు. నిద్రపోయిన మీతో ఇన్ని ఎలా అంది?"

ఆయన వెనక్కి చెయ్యి చాపి పిల్ల తల నిమిరారు.

"నీకు అన్నీ తెలిసినవే కదరా కామేశం," అన్నారు. "నాకు కాకి కనబడలేదు."